చీటీ వెనకవైపు

అక్టోబరు 27, సోమవారం

ఇది మా కొట్లో కొలతలు రాసుకునే పుస్తకం. పేరు, ఛాతీ, నడుము, భుజం, చెయ్యి అని పైన గడులు అచ్చువేసి ఉన్నాయి. వాటి మీదుగానే రాస్తున్నాను. ఆసుపత్రికని సర్దుకున్న సంచిలోకి ఇదెలా వచ్చిందో, తనే పెట్టి ఉంటుంది. టేపూ కొలతల పుస్తకమూ లేకుండా మా ఆవిడ గడప దాటదు.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. ఈ రోజు తనకో అబద్ధం చెప్పాను. రేపు ఇంకోటి చెప్పాల్సి వచ్చేలా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో తన దగ్గర అబద్ధమాడి నెగ్గింది లేదు. ఏ రోజు ఏం చెప్పానో రాసి పెట్టుకోకపోతే దొరికిపోతాను.

తనని చేర్చుకుని నాలుగు రోజులైంది. ఆడవాళ్ళ వార్డు కాబట్టి మగవాళ్ళని సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకానే రానిస్తారు. మిగతా పొద్దంతా ఏం చేస్తున్నారని అడిగింది. ఎదురుగా బెంచీ మీద కూర్చుంటున్నానన్నాను. "ఇంత చరిత్ర ఉన్న ఊరొచ్చి బెంచీ చూస్తారా? నేనెటూ తిరగలేను. మీరు తిరిగొచ్చి నాకు చెప్పండి," అంది. స్టేషన్లో దిగగానే కొన్న నగర దర్శిని పుస్తకం తలగడ కింద నుంచి తీసింది. ఈ నాలుగు రోజుల్లో దాన్నంతా చదివేసి, ఆర్డర్లకి పెట్టినట్టు పెన్సిలుతో టిక్కులు పెట్టేసింది. ఈ ఊరి బొమ్మ వాళ్ళ పుట్టింట్లో క్యాలెండరు మీద ఉండేదట, బళ్ళో చదివే రోజుల నుంచీ చూడాలని కోరికట. ఆ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు.

సరేనన్నాను. అన్నాక, పొద్దున వంతెన చూసొచ్చాను అని కూడా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. వంతెనకి ఎన్ని కమానులు అంది. ఏడు అన్నాను.

చూసుకో: వంతెన, ఏడు కమానులు.

అక్టోబరు 28

ఈ రోజు నిజంగానే బయల్దేరాను. అది కూడా రాసుకోవాలి.

నేనుంటున్న లాడ్జి నడిపే అమ్మ దారి చెప్పింది. మ్యూజియం గేటు దాకా వెళ్ళి, వరసలో నిలబడి, టిక్కెట్ల కిటికీ దగ్గరికి చేరాను. లోపలున్న అమ్మాయి తలెత్తకుండా "ఎంతమంది?" అంది. "ఇద్దరం," అన్నాను. అలవాటు. ఆ అమ్మాయి రెండు టిక్కెట్లు చింపింది. నేను పక్కకి తిరిగి చూశాను. వెనకాయన "కదలండి సార్," అన్నాడు. వద్దులెండి అనేసి వరసలోంచి బయటపడి, వచ్చిన దారినే వచ్చేసి బెంచీ మీద కూర్చున్నాను. బెంచీ నుంచి చూస్తే మూడో అంతస్తులో ఎడమ నుంచి ఐదో కిటికీ తనది.

అరవై ఏళ్ళు దగ్గరపడుతున్న వాడికి టిక్కెట్టు కొనడం చేతకాలేదంటే నవ్విపోతారు. నా తప్పు కాదు, మా కొట్టు పద్ధతి అలాంటిది. మొదటి రోజు నుంచీ నేను పరదా వెనక మిషను మీద, తను పరదా ముందు టేపుతో. వచ్చినవాళ్ళతో మాట్లాడేదీ, కొలిచేదీ, బతిమాలేదీ, గదమాయించేదీ తనే. నాకు పరదా సందులోంచి ఒక చీటీ వస్తుంది. చీటీకి ముందువైపు అంకెలు. వెనకవైపు ఆ మనిషి ఒంట్లో లోపాలు. "కుడి భుజం అర అంగుళం కింద." "కొంచెం గూని." "పొట్ట లోపలికి పీల్చుకుని కొలతలిచ్చాడు, ఇంకో అంగుళం కలుపు." అవి ఆ మనిషి కంటపడకూడదని వెనక రాసేది. నేను కిందికి జారిన భుజం వైపు లోపల దూది పొర ఒకటి ఎక్కువ వేసి ఎత్తు చేసేవాణ్ని. మా కొట్లో హ్యాంగర్లకి వేలాడే కోట్లన్నీ వంకరగానే కనబడేవి. మనిషి తొడుక్కున్నాక తిన్నగా నిలబడేవి. ఇన్నేళ్ళలో నేను కుట్టినవాళ్ళలో సగం మంది ముఖం నేనెరగను. భుజాలు మాత్రం ఎరుగుదును.

నాలుగింటికి వెళ్ళి మ్యూజియం బ్రహ్మాండంగా ఉందని చెప్పాను. కత్తులు, కుండలు, నాణేలు, రాజులు తిన్న కంచాలు. ఏ మ్యూజియంలోనైనా అవేగా ఉండేది. "మరి రాజుగారి కోటు?" అంది. రెండో అంతస్తులో ఒక గదిలో పాత రాజుగారి కోటు ఉందట, పుస్తకంలో దానికి రెండు టిక్కులు పెట్టింది. కాళ్ళు నొప్పెట్టి పైకి ఎక్కలేదన్నాను.

"ఇంకోసారి వెళ్ళండి. కోటు చూడకుండా ఎలా వస్తారు, దర్జీ అయ్యుండి," అంది.

అక్టోబరు 30

తిండి. పుస్తకంలో ఏటి ఒడ్డు హోటలుకి టిక్కు ఉంది. అక్కడికి వెళ్ళాను, లోపలికి వెళ్ళలేదు. అద్దాల్లోంచి చూశాను. ఒక్కో బల్లకీ ఇద్దరూ, నలుగురూ. ఒక జంట చేప తింటున్నారు. ఆయన ముళ్ళు తీసి ఆవిడ పళ్ళెంలో పెడుతున్నాడు. వాళ్ళు వేళ్ళు తుడుచుకునేదాకా నిలబడి, లాడ్జి అమ్మ పొద్దున ఇచ్చిన రొట్టె కాగితంలోంచి తీసి దారిలో తిన్నాను.

తనకి చెప్పింది: చేప, మిరియాల సూపు, వేడి రొట్టె. చేపకి ముళ్ళు ఎక్కువ, అయినా రుచి. సూపు ఘాటుగా ఉంది, కళ్ళ నీళ్ళొచ్చాయి.

"ఒక్కరే కూర్చుని తిన్నారా?" అని అడిగింది.

"ఒక్కణ్నే."

"ఎవరైనా చూశారా మిమ్మల్ని?"

"చూస్తే ఏం, నేనేమైనా దొంగనా?" అన్నాను. తను చాలాసేపు నవ్వింది. రంగు తేరుకుంది.

అక్టోబరు 31

పెద్ద డాక్టరు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆయన కోటు చేతులు పొడుగు, వేళ్ళ కణుపుల మీదికి వస్తున్నాయి. మాట్లాడినంతసేపూ అవే చూశాను. వారాలు అన్నాడు. నెలలు అన్న మాట వస్తుందేమో అని చూశాను, రాలేదు. మంచి బట్టే, ఎవరు కుట్టారో పాడుచేశారు.

నవంబరు 1

ఈ రోజు అబద్ధం అతికినట్టు కుదిరింది. పొద్దుటి నుంచీ బెంచీ మీద కూర్చుని ఆ రాజుగారి కోటుని మనసులో కుట్టుకున్నాను. గుడ్డ కోసి, కచ్చా కుట్లు వేసి, లైనింగు పరిచి, కాజాలు తీసి, అన్నీ చేశాను. మిషను లేకుండా కోటు కుట్టడం ఇదే మొదలు.

తనకి చెప్పింది: ఎర్ర మఖమలు. మోకాళ్ళ దాకా పొడుగు. కాలరు నిలువు, రెండంగుళాలు. ముందువైపు బంగారు తీగ పని. పన్నెండు బొత్తాలు. అద్దాల పెట్టెలో దర్జీబొమ్మకి తొడిగారు.

తను దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకుని వింది. పరదా వెనక కూర్చుని తన చీటీలు చదువుకునే పని ఇన్నాళ్ళూ నాది. ఇప్పుడు తను నా కొలతలు విని లోపల కుట్టుకుంటోంది అనిపించింది. అందుకని ఇంకా గట్టిగా చెప్పాను.

"మరి భుజాలు?" అంది.

"పట్టీ పెట్టి గీసినట్టున్నాయి. రెండూ సమానం. పనివాడంటే వాడు."

తను కళ్ళు తెరిచి నా వంక చూసింది. "అలాగా," అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది. అలసిపోయి ఉంటుంది.

నవంబరు 2

రంగు తేరుకుంది. సగం ఇడ్లీ తిన్నానని చెప్పింది. పావు అని నర్సు చెప్పింది.

నవంబరు 4

పెద్ద నర్సు దుస్తులకి గంజి ఎక్కువ. నడుస్తుంటే కాగితం నలిగినట్టు చప్పుడు. మేమిద్దరం ఆవిడకి గంజి సిస్టరని పేరు పెట్టుకున్నాం. ఆవిడ నన్ను మాస్టారూ అంటుంది. "పొద్దుటి నుంచి ఎక్కడుంటారు మాస్టారూ?" అని మెట్ల దగ్గర అడిగింది. ఊరు చూస్తున్నానన్నాను. ఆవిడ మెట్ల కిటికీలోంచి బెంచీ వైపు చూసి పైకి వెళ్ళిపోయింది.

ఈ రోజు సంగీతం. పుస్తకంలో టౌన్ హాలు కచేరీకి టిక్కు ఉంది, మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఎవరైనా వెళ్ళొచ్చట. వెళ్ళలేదు. అయితే సంగీతం విన్న మాట నిజం. బెంచీ వెనక మేడలో రోజూ ఎవరో వయొలిన్ సాధన చేస్తారు. మనిషి కనబడడు, కిటికీలో మోచెయ్యి ఒకటే కనబడుతుంది. చొక్కా అక్కడ చిరిగింది. ఒకే ముక్క వాయిస్తాడు, ఒకే చోట ఆగిపోతాడు, మళ్ళీ మొదలెడతాడు. పొద్దున నుంచి ఇరవైసార్లు విన్నాను. ఆగిపోయే చోటు దగ్గరకొస్తుంటే నాకే ఊపిరి బిగుస్తుంది.

తనకి చెప్పింది: ముప్ఫై మంది వాద్యకారులు, అందరికీ నల్ల కోట్లు. తెర లేచేసరికి జనం లేచి నిలబడ్డారు.

"ఏం వాయించారు?" అంది.

రాగం తీసి చూపించలేను కదా. వయొలినాయన ముక్కని ఈలవేసి వినిపించాను. ఆగిపోయే చోటికొచ్చి ఆగిపోయాను. ఆ తర్వాత నాకు రాదు.

"అక్కడే ఆపేశారేం?"

"మర్చిపోయాను."

నవంబరు 6

బావమరిది ఫోను చేశాడు. "బావా, నన్ను బయల్దేరమంటావా?" అన్నాడు. తొందరేం లేదు, రంగు తేరుకుందన్నాను. "నిజం చెప్పు బావా," అన్నాడు. రోజూ ఎన్నిసార్లని చెప్పను నిజం.

నవంబరు 7

రాయడానికేం లేదు. ఊరు చూశాను, తనకి చెప్పాను. కోట గోడ, పడమటి బురుజు, నూట నాలుగు మెట్లు.

నవంబరు 9

వెళ్ళేసరికి సంచిలోంచి టేపు తీసి మెడలో వేసుకుని కూర్చుంది. కొట్లో కూర్చున్నట్టే ఉంది, టేపు అదే, మనిషి మాత్రం సగమైపోయింది.

"ఇలా రండి. కొలుస్తాను."

"ఇప్పుడెందుకే?"

"ఎవరెవర్నో కొలిచాను. మిమ్మల్ని ఎప్పుడూ కొలవలేదు. చెయ్యి ఎత్తండి."

మంచం అంచున కూర్చోబెట్టి కొలిచింది. టేపు ఒక్కసారి కూడా జారలేదు. గంజి సిస్టరు వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి చూసింది. మధ్యలో రెండుసార్లు తను ఆగి ఊపిరి తీసుకుంది.

"చొక్కా ఛాతీ దగ్గర రెండంగుళాలు వదులైంది, నడుము దగ్గర మూడు. రోజూ చేపలూ సూపులూ తింటున్నారుగా, ఎటుపోతున్నాయండీ అవన్నీ?"

"నడక ఎక్కువైంది."

"అదే అయ్యుంటుంది," అంది.

సంచిలోంచి ఒక చీటీ తీసి ముందువైపు అంకెలు రాసింది. చీటీ తిరగేసి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని వెనక కూడా ఏదో రాసింది. చూడబోతే మూసేసింది. "కొలతలిచ్చినవాళ్ళు వెనకవైపు చూడకూడదు, తెలుసుగా," అని టేపు చుట్టలో దోపేసింది. నేను అడగలేదు. కొట్టు నియమం నాకు మాత్రం తెలియదా.

నవంబరు 11

ఇడ్లీ వద్దంది. మంచినీళ్ళు చెంచాతో.

పాత బజారు గురించి చెప్పాను. దీపాల అంగళ్ళు, పుస్తకాల అంగళ్ళు. సగంలో నిద్రపోయింది. మిగతా సగం కూడా చెప్పాను.

నవంబరు 13

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేను పుస్తకంలోని రాతి మేడ గురించి మొదలెట్టబోయాను. తను నా చెయ్యి మీద చెయ్యి వేసి, "రేపు నిజంగా వెళ్ళండి," అంది.

"నిజంగా అంటే?" అని నీళ్ళు నమిలాను.

"నిజంగా అంటే నిజంగా. కాళ్ళతో."

పక్క మంచం వాళ్ళు విన్నారేమోనని అటు చూశాను.

"ఎప్పుడు తెలిసింది?"

"కోటు నాడే. దర్జీబొమ్మకి తొడిగిన కోటుకి రెండు భుజాలూ సమానంగా ఉంటాయా? అది మీరనాల్సిన మాటేనా? రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషిని నేనింతవరకూ కొలవలేదు. రాజైతే మాత్రం?"

తల కొట్టేసినట్టయింది. ఎన్ని వందల కోట్లు వంకరగా హ్యాంగరుకి తగిలించాను నేను. అబద్ధం కనుక అందంగా కుట్టేశాను.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నావు?"

"బాగా చెబుతున్నారు కదా అని. ఇంత మాట్లాడ్డం వచ్చా మీకు? ముప్ఫై ఏళ్ళు పరదా వెనక దాచుకున్నారు."

నవ్వుదామనుకున్నాను, కుదరలేదు. అప్పుడు మొత్తం చెప్పేశాను. వంతెన చూడలేదనీ, చేప తిన్నది వేరే వాళ్ళనీ, కచేరీ అంటే చిరిగిన మోచెయ్యి అనీ, టిక్కెట్ల దగ్గర ఇద్దరం అన్నాననీ. ఆ చివరి మాటకి తను కిటికీ వైపు తిరిగింది. తిరిగే ఉండి అంది.

"ఊరు చూడాలని కాదండీ మిమ్మల్ని పంపింది. పుస్తకంలో చదివేశాను ఊరంతా. నేను లేకపోతే మీరు ఆ పరదా వెనకే ఉండిపోతారు. ఆకలేసినా ఎవర్నీ అడగరు. ఒంట్లో బాగోకపోయినా ఎవరికీ చెప్పరు. ఇక్కడైతే మనల్నెవరూ ఎరగరు, తడబడినా నవ్వేవాళ్ళుండరు. నేనుండగా నేర్చుకుంటే వచ్చి నాకు చెప్పుకోవచ్చు కదా అని."

"అలా మాట్లాడకు. రంగు తేరుకుంది నీకు."

"ఆ మాట కూడా రోజూ చెబుతున్నారు," అంది.

నాకు ఏడుపొచ్చింది. వార్డు నిండా ఆడవాళ్ళు, అయినా ఆగలేదు. తను చీర కొంగు అందించబోయి, ఒంటి మీద ఉన్నది ఆసుపత్రి గౌనని గుర్తొచ్చి, దుప్పటి అంచు అందించింది.

నవంబరు 14

వెళ్ళాను. ఏటి ఒడ్డు హోటలుకి, కాళ్ళతో.

తలుపు దగ్గర మూడుసార్లు వెనక్కి తిరిగాను. నాలుగోసారి ఎవరో వెనక నుంచి వస్తుంటే దారివ్వబోయి లోపలికి వెళ్ళిపోయాను. ఒక్క మనిషికి బల్ల లేదేమోననుకున్నాను, ఉంది, గోడ వార. సూపు అడిగాను. చేప కూడా అడగొచ్చు, కాని అన్నీ ఒకే రోజు ఎందుకని ఊరుకున్నాను. సూపు చల్లగా ఉంది. ఉప్పు లేదు. చెంచా జారి చొక్కా మీద పడింది.

నాలుగింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. మరక చూపించాను. చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

"మిరియాలేవీ?"

"లేవు. ఘాటూ లేదు, ఏమీ లేదు. కుడితిలా ఉంది."

తను నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, గంజి సిస్టరు పరుగెత్తుకొచ్చి నన్ను తిట్టింది. తిట్టినా తను ఆపలేదు. "చల్లగా ఉందని వాళ్ళకి చెప్పారా?" అంది. లేదన్నాను. "రేపు చెప్పండి," అంది.

"నన్నెవరైనా చూశారా అని అడగవేం?"

"చూశారా?"

"ఒక్కళ్ళు కూడా చూడలేదు."

"చెప్పానుగా," అంది. ఆ తర్వాత ఆ వయొలినాయన ముక్క మళ్ళీ ఈలవెయ్యమంది. ఆగిపోయే చోట ఆగాను. పెద్ద కచేరీ కన్నా ఇదే బాగుందంది.

రేపు శనివారం హోటలు, ఆదివారం వంతెన. మ్యూజియానికి సోమవారం సెలవు, అందుకని మంగళవారం కోటు. తనే వరస వేసింది. కోటు నాడు మాత్రం భుజాలు జాగ్రత్తగా చూసి రమ్మంది.

నవంబరు 15

పొద్దున ఎనిమిదింటికే గంజి సిస్టరు బెంచీ దగ్గరికి వచ్చి పైకి రమ్మంది. వేళ కాదు కదండీ అంటే, "ఫర్వాలేదు మాస్టారూ, ఈ రోజు నుంచి మీకు వేళలు లేవు," అంది. మంచి మనిషి, అందుకే అంది. నేను వేరే ఏమీ అనుకోలేదు.

హోటలుకి వెళ్ళలేదు.

నవంబరు 16

బావమరిది బయల్దేరాడు. తను నిద్రలోనే ఉంది. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వంతెన గురించి ఏమీ చెప్పలేదు, చూడలేదు కనుక.

నవంబరు 17, సోమవారం

పొద్దున తొమ్మిదింపావుకి.

నవంబరు 18

నవంబరు 20

జరగాల్సినవన్నీ జరిగాయి. అన్నీ బావమరిదే చూసుకున్నాడు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను. ఎల్లుండి ఉదయం బండికి ఇద్దరం వెళ్ళిపోతాం.

లాడ్జి గదిలో తన సంచి సర్దుతూ బావమరిది టేపు చుట్ట తీశాడు. దాంట్లోంచి చీటీ పడింది. "ఇది నీదేనా బావా?" అని చేతికిచ్చాడు. ముందువైపు అంకెలు. ఛాతీ, నడుము, చెయ్యి, అన్నీ తన రాతలో, ఏడు అంకెకి నడుం మీద గీతతో. తిప్పకూడదనుకున్నాను. కొలతలిచ్చినవాణ్ని నేనే, కుట్టేవాణ్నీ నేనే. ఏ నియమం పాటించాలో తెలియక కాసేపు అలాగే పట్టుకున్నాను.

తిప్పాను.

"ఎడమ భుజం ముప్పావు అంగుళం కింద. నేనెప్పుడూ ఆ పక్కనే నడిచాను, ఎవరికీ కనబడలేదు."

అంతే ఉంది. బావమరిది ఏమైందని అడిగాడు. కొలతలేరా అన్నాను. గది అద్దంలో చూసుకున్నాను. నిజమే. ఇన్నేళ్ళూ అద్దం ముందు నిలబడ్డప్పుడు కూడా తను పక్కనే ఉండేది కాబోలు.

నవంబరు 21

మధ్యాహ్నం బావమరిది పడుకున్నాక వెళ్ళాను. వస్తానంటాడని లేపలేదు.

టిక్కెట్ల కిటికీలో అదే అమ్మాయి. "ఎంతమంది?"

"ఒక్కణ్నే."

ఉండాల్సినదానికన్నా గట్టిగా వచ్చింది మాట. ఆ అమ్మాయి తలెత్తి చూసి ఒక టిక్కెట్టు చింపింది.

కత్తులూ కుండలూ ఉన్నాయి, నేను చెప్పినట్టే. ఆ ఒక్కటీ నిజం. కంచాలు లేవు. రెండో అంతస్తు ఎక్కాను. కోటు ఎరుపు కాదు, మఖమలు కాదు. తడి ఇసక రంగు ఉన్ని, అక్కడక్కడా చిమ్మెట కొట్టింది. బంగారు తీగ లేదు. బొత్తాలు తొమ్మిది, ఒకటి ఊడిపోయింది. పొడుగు తొడల దాకా. చాలా మామూలు కోటు. రాజుగారికి పెద్ద షోకులేవీ ఉన్నట్టు లేవు.

భుజాల కోసం పెట్టె ఎదురుగా నిలబడ్డాను. కుడి భుజం ఎత్తుగా నిలబడింది, ఎడమది పడింది. దర్జీబొమ్మ తిన్నగానే ఉంది. అంటే రాజుగారికి కుడి భుజం కిందికి. పక్కకి వెళ్ళి చూస్తే మెడ దగ్గర లైనింగు చిరిగి లోపల దూది కనబడింది. కుడివైపు నాలుగు పొరలు, ఎడమవైపు రెండు. పొరకీ పొరకీ మధ్య సన్నటి చేతికుట్టు, చాలా ఓపికగా వేసింది. ఎవరో ఆయన్ని కొలిచి చూసి, బయటికి చెప్పకుండా, లోపల కూర్చున్నవాడికి చెప్పారు. ఊళ్ళో జనమంతా తిన్నగా ఉన్న రాజుని చూశారు.

పెట్టెకి ముక్కు ఆనించినట్టున్నాను. కాపలా ఆయన వచ్చి దూరంగా నిలబడమన్నాడు. ఆయన యూనిఫారం రెండు సైజులు పెద్దది.

"ఈయనకి కుడి భుజం కిందికి ఉండేది," అన్నాను. ముక్కూ మొహం తెలియని మనిషితో నా అంతట నేను మాట్లాడ్డం అదే మొదలు.

ఆయన పెట్టె పక్కన రాసిన కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు. "ఎక్కడా రాసి లేదే," అన్నాడు.

"ముందువైపు రాయరండీ," అన్నాను.

ఆయన కోటు వంక చూశాడు, తల అటూ ఇటూ వంచి చూశాడు. "పదహారేళ్ళుగా ఇక్కడే నిలబడుతున్నాను, బొమ్మ వంకర అనుకున్నాను," అన్నాడు. ఆయన భుజాలు కూడా చూశాను. ఎడమది కొంచెం కిందికి, తాళాల గుత్తి ఆ పక్కనే మోస్తాడు కాబట్టి. చెప్పలేదు.

గోడ గడియారం నాలుగుకి పావు తక్కువ. గబగబా మెట్లు దిగాను. గేటు దాటాను, రోడ్డు దాటాను, ఏటి ఒడ్డునే నడిచాను, వంతెన కమానులు కూడా లెక్కపెట్టాను, ఐదే ఉన్నాయి. మరిచిపోకూడదని దారంతా పైకే అనుకుంటూ వెళ్ళాను. కుడి భుజం ఒక అంగుళం, నాలుగు పొరలు, చేతికుట్టు, కమానులు ఐదు. ఆసుపత్రి గేటులో జనం పండ్ల సంచులతో లోపలికి వెళ్తున్నారు. వాళ్ళతో పాటు నేనూ మెట్లెక్కబోయాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టాక గుర్తొచ్చింది.

వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మూడో అంతస్తులో ఎడమ నుంచి ఐదో కిటికీకి ఎవరో తడి తువ్వాలు ఆరేశారు. వెనక మేడలో వయొలిన్ వాయిస్తున్నారు. అదే ముక్క. అదే చోట ఆగింది.

ఆరయ్యేదాకా కూర్చున్నాను.